ఎర లేని గాలం

కర్టెన్ రాడ్డు అనుకుని కొన్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నేను ఏడాది ముందే పథకం వేసి ఆ కట్టెను తెప్పించానని మా మరిది బిక్షపతి మెదక్ అంతా చెప్పుకు తిరిగాడు. అంత తెలివే ఉంటే, కిటికీకి పాత చీర కట్టుకుని ఎందుకు ఉంటాను?

మోషే మా వాడకట్టు వాడే. నాకు తమ్ముడి వరస. రాందాస్ చౌరస్తా దగ్గర తోపుడుబండి మీద పార్సిళ్లు అమ్ముతాడు. ఎవరో ఆన్‌లైన్లో తెప్పించుకుని, తీసుకోకుండా వదిలేసిన పార్సిళ్లు అవి. విప్పకుండా కొనాలి, విప్పాక వాపసు లేదు. నేను పొడుగాటి గొట్టం ఒకటి తీసి ఊపి చూశాను. లోపల కడ్డీల చప్పుడైంది.

"కర్టెన్ రాడ్డే అక్కా" అన్నాడు మోషే.

"నీకెట్ల తెలుసు?"

"పొడుగ్గుంది, గుండ్రంగుంది. ఇంకేముంటది? తుపాకి ఉంటదా?"

ఇంటికి తెచ్చి విప్పితే నాలుగు ముక్కల కట్టె. ఒక ముక్కలో ఇంకో ముక్క దూర్చుకుంటూ పోతే మా ఇంటి కప్పుకు తగిలింది. పట్టుకునే చోట బెండు పిడి, చివరికి వచ్చేసరికి చీపురు పుల్లంత సన్నం. దానికి కర్టెన్ తగిలిస్తే వచ్చినవాళ్లందరికీ వంగి దండం పెట్టేలా ఉంది. గొట్టంలోనే ఒక ఇనుప చక్రం, దానికి సన్న దారం చుట్టి ఉంది. ఇంకా చిన్న డబ్బా ఒకటి. మూత తీసి చూస్తే లోపల పన్నెండు పురుగులు వరసగా కూర్చుని ఉన్నాయి. కేక వేసి డబ్బాను మంచం కిందికి విసిరేశాను.

కేక విని పక్కింటి ఐలవ్వ వచ్చింది. మా చెరువు మీద బతికేవాళ్లలో ఆమెకంటే పెద్ద మనిషి లేదు. ఎనభై దాటింది. ఒకప్పుడు ఆమె వల విసిరితే మగవాళ్లు పని ఆపి చూసేవారట. మంచం కింద చెయ్యి పెట్టి ఒక పురుగును తీసి, వెలుగులో తిప్పి చూసింది.

"పురుగు కాదే యాదీ. ఈకలు. లోపల కొక్కెముంది" అంది. ముక్కు దగ్గర పెట్టుకుని "ముక్కుపోగు లెక్క బాగనే ఉంది గని, తుమ్మితే పాణం పోతది" అని వెనక్కి ఇచ్చేసింది.

మోషేను పిలిపించి నిలదీశాను. అతను గొట్టం మీది పేరు ఫోన్లో కొట్టి చూసి, "ఇది చేపల గాలమట అక్కా. ఫ్లై ఫిషింగ్ అంటరట. గీ ఉత్తుత్తి ఈగను నీళ్ల మీద ఏస్తే, చేప నిజమనుకుని మింగుతదట" అన్నాడు.

"చేపకు అంత తెలివి లేదా?"

"నువ్వు కర్టెన్ రాడ్డు అనుకోలేదా?"

కట్టె ముక్కలు విడదీసి గొట్టంలో పెట్టి అటక ఎక్కించాను. అది అక్కడే ఉండిపోయేది, మా చేపల సొసైటీ మీటింగు జరగకపోతే.

నా భర్త ఎల్లం పోయి అప్పటికి రెండేళ్లు. మా చెరువు సొసైటీలో ఆయన సభ్యుడు. సభ్యుడికి చెరువు చేపలో వాటా ఉంటుంది. ఆ వాటా చేపనే నేను మార్కెట్లో కూర్చుని ముప్పై ఏళ్లుగా అమ్ముతున్నాను. ఆయన పోయాక సభ్యత్వం నా పేరు మీదికి మారాలంటే మత్స్యశాఖ వాళ్ల నైపుణ్య పరీక్ష పాస్ కావాలి. వల కన్నులు ముడి వేయాలి, వల విసరాలి. పాస్ కాకపోతే సభ్యత్వం పోతుంది. ఆ ఖాళీలోకి రావడానికి మనిషి తయారుగా ఉన్నాడు. బిక్షపతి బామ్మర్ది. సభ్యత్వం పోతే, ఎక్కడినుంచో లారీలో వచ్చిన ఐసు చేపను తెచ్చి "ఇప్పుడే పట్టింది తల్లీ" అని నేను అబద్ధమాడి అమ్ముకోవాలి. ముప్పై ఏళ్లలో ఆ ఒక్క అబద్ధం ఆడకుండా గడిచింది. మిగతావి ఆడాను.

చిక్కల్లా నా కుడి భుజం. గూడ పట్టేసి, చెయ్యి చెవి దాటి పైకి లేవడం లేదు. ఏడాదిలో అదే సర్దుకుంటుందని దవాఖానలో చెప్పారు. పరీక్షేమో రెండు నెలల్లో ఉంది. తడి వల విసరాలంటే నడుము, భుజం, మెడ అన్నీ తిరగాలి. నా భుజం తిరిగితే కళ్లు కూడా తిరుగుతున్నాయి.

సొసైటీ మీటింగులో ఈ మాటే చెప్పాను. అధ్యక్షుడి కుర్చీలో మా మరిది బిక్షపతి. చెడ్డవాడని అనను. ఎల్లం పోయినప్పుడు నెల రోజులు మా ఇంటికి అన్నం పంపించాడు. కాకపోతే అధ్యక్షుడైనప్పటి నుంచి అతనికి తీర్మానాల పుస్తకం పిచ్చి పట్టింది. చాయ్‌లో చక్కెర తక్కువైందని ఎవరైనా అంటే అది కూడా తీర్మానం రాసి సంతకం పెడతాడు.

"వల ఇసుర రాకుంటే గాలంతోని పడ్త. చేప పట్టుడే కద కావాల్సింది?" అన్నాను.

"వదినె, గాలానికి వానపామును కుచ్చి కూసుంటే అండ్ల నీ నైపుణ్యమేముంది? ఎర వానపాముది, తినుడు చేపది. నువ్వు చేసేది కూసునుడు. గట్లయితే వానపాముకే సభ్యత్వం ఇయ్యాలె."

అందరూ నవ్వారు. అతని బామ్మర్ది అందరికంటే ఎక్కువ నవ్వాడు. దాంతో బిక్షపతికి ఊపొచ్చింది. లేచి నిలబడ్డాడు.

"ఎర లేకుండ గాలంతోని చేపను పట్టు వదినె. గప్పుడు నేనే సంతకం పెడ్త."

"రాసుకో మరి" అంది వెనక నుంచి ఐలవ్వ.

రాయమంటే అతను ఊరుకుంటాడా? అక్కడికక్కడే పుస్తకం తెరిచి రాశాడు. 'ఎల్లం భార్య యాదలక్ష్మి ఎర లేకుండా గాలంతో చేప పట్టినచో వల విసిరినట్టే లెక్క.' కింద సంతకం, తేదీ, ముద్ర. అప్పటిదాకా నాకు అటక మీది గొట్టం గుర్తు లేదు. ముద్ర పడిన చప్పుడుకు గుర్తొచ్చింది.

సాయంత్రం మోషేను, ఐలవ్వను కూర్చోబెట్టి గొట్టం దింపాను. కట్టె పిడి పైన 8 అని అంకె ఉంది. చక్రానికి ఉన్నది ఒట్టి అడుగు దారమేనని, దాని మీద లావుపాటి లైను వేరేగా చుట్టుకోవాలని మోషే ఫోన్లో చూసి చెప్పాడు. ఆ లైన్లకు కూడా నంబర్లు ఉన్నాయి. మూడు, అయిదు, ఎనిమిది, పది. ఏది తెప్పించాలి?

మోషే ఇంట్లో అన్నదమ్ములది బోరు మోటర్ల పని. అతను ఏమాత్రం తడుముకోలేదు.

"ఎనిమిదంటే ఎనిమిది హెచ్‌పీ అక్కా. మన ఏడున్నర మోటరు కంటే అర ఎక్కువ. మోటరు పెద్దగుండి పైపు సన్నగుంటే నీళ్లు ఎంత జోరు కొడ్తయి చెప్పు? గందుకే లైను సన్నది తీస్కోవాలె. మూడు నంబరు."

నాకూ సరిగ్గానే అనిపించింది. మా చుట్టుపక్కల ఎవరికైనా సరిగ్గానే అనిపిస్తుంది. మూడు నంబరు లైను తెప్పించాం.

వాడకట్టులో విసిరితే కరెంటు తీగలు ఉన్నాయి. కట్ట మీద విసిరితే బిక్షపతి ఉన్నాడు. అందుకని రైస్ మిల్లు ముందు వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం ఎంచుకున్నాను. కాపలాదారు భూమయ్య నా దగ్గర చేప కొనేవాడే, ఏమీ అనలేదు. పొద్దున ఆరింటికి మోషే ఫోన్లో వీడియో పెట్టి పట్టుకున్నాడు. అందులో ఎవరో తెల్లాయన వాగులో నిలబడి కట్టెను వెనక్కి, ముందుకు ఆడిస్తుంటే, లైను పాములా గాలిలో సాగి దూరంగా పోయి పడుతోంది. చెయ్యి పెద్దగా ఎత్తడం లేదు. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని మాత్రమే ఆడిస్తున్నాడు. చెయ్యి దూరం పోకుండా చంకలో పుస్తకం పెట్టుకోమని ఆయన చెప్తున్నాడట.

అది చూసి నా పాణం లేచొచ్చింది. నా భుజానికి సరిపోయేట్టే ఉంది ఈ విద్య. చంకలో తువ్వాల మడిచి పెట్టుకుని మొదలుపెట్టాను.

తెల్లాయన లైను పాములా పోయింది. నాది ఉడికిన సేమ్యాలా కాళ్ల దగ్గర పడింది. ఇంకా గట్టిగా విసిరాను. సేమ్యా నెత్తిన పడింది. మోషే ముడులు విప్పడం, నేను మళ్లీ వేయడం. వారం రోజులు అదే తంతు. మా తిప్పలకు లాభపడింది భూమయ్య ఒక్కడే. నేను కట్టె ఊపిన ప్రతిసారీ వడ్ల మీద వాలిన పిచ్చుకలు గుంపుగా లేచిపోతున్నాయి.

"రోజు గిట్లనే రా యాదక్క. సేటుతోని మాట్లాడి నీకు కూలి ఇప్పిస్త" అన్నాడు.

"నేను చేపలు పట్టుడు నేర్చుకుంటున్న."

"గీడ చేపలేడియి?"

"నేర్చినంక చెరువు కాడికి పోత."

"నేర్వకే అక్కా, మా వడ్లు ఆరేదాక" అన్నాడు భూమయ్య.

ఎనిమిదో రోజు ఐలవ్వ వచ్చి మిల్లు గోడ నీడన కూర్చుంది. చాలాసేపు చూసింది. తర్వాత, "యాదీ, దీనికి గుండ్లేడియే?" అని అడిగింది.

"గుండ్లెందుకు అత్తా? ఇది వల కాదు."

"వలయినా తాడయినా ఇసిరేదాంట్ల బరువుండాలె. గుండ్లు కట్టని వలను ఇసురు, నీ మొకం మీదనే పడ్తది. గా కొసకున్న ఈకెకు బరువు లేదాయె. మరి దూరం పోయేది ఏంది?"

ముప్పై ఏళ్లు వలలు అల్లాను, వల అంచుకు సీసం గుండ్లు నా చేత్తో కట్టాను. ఇంత చిన్న సంగతి తోచలేదు. ఈకకు బరువు లేదు. కట్టె చేతిలోనే ఉంటుంది. దూరం పోవాల్సింది లైను. అంటే గుండ్లు చేసే పని లైనే చెయ్యాలి. నంబరు లైను బరువుది. ఎనిమిదో నంబరు కట్టెను వంచాలంటే ఎనిమిదో నంబరు బరువే కావాలి. మూడు నంబరు లైను దానికి చాలదు. దాన్ని ఆ కట్టె మోస్తున్నట్టు కూడా అనుకోవడం లేదు.

"మోటరు కాదురా మోషే ఇది. కావడి. కావడి బద్దకు తగ్గ కుండలుండాలె" అన్నాను.

ఎనిమిదో నంబరు లైను వచ్చింది. పసుపు రంగు, పురికొస లావు. మొదటిసారి వెనక్కి ఊపగానే కట్టె వంగడం చేతికి తెలిసింది. కానీ ముందుకు వేస్తే కొరడాలా ఛెళ్లుమని, కొసన ఉన్న ఈక తెగి ఎగిరిపోయింది. ఐలవ్వ గోడ దగ్గర నుంచే అరిచింది.

"ఉరుకుతవెందుకే! వల ఇసిరినప్పుడు ఏం జేస్తవు? ఎనుకకు పోయిన వల ఇప్పుకునేదాక ఆగుతవా లేదా? ఆగు. ఎనుక సాగనియ్యి. నిండ సాగినంక ముందటికి పంపు."

వెనక్కి ఊపాను. ఆగాను. వెనకాల లైను నిండుగా సాగి చేతిని చిన్నగా గుంజింది. అప్పుడు ముందుకు పంపాను. పసుపు లైను నా తల మీదుగా సాగి, సాగి, కల్లం అవతలి అంచున మెత్తగా వాలింది. భుజం నొప్పి పెట్టలేదు. చంకలో తువ్వాల చంకలోనే ఉంది. పిచ్చుకలు కూడా లేవలేదు.

"ఇగ నాకు పనికిరావు" అన్నాడు భూమయ్య.

విసరడం వచ్చింది. ఇక ఏం కట్టాలన్నది మిగిలింది. డబ్బాలో పన్నెండు ఈగలున్నాయి, దోమంత, చీమంత. అవి కొండ వాగుల్లో ఉండే చిన్న చేపల కోసమట. మా చెరువు చేపలు వాటిని చూసి నవ్వుకుంటాయి. ఈ విషయంలో నాకు ఏ వీడియో అవసరం లేదు. ముప్పై ఏళ్లుగా చేపల కడుపులు కోసి శుభ్రం చేసిన చెయ్యి ఇది. ఏ నెలలో ఏ చేప కడుపులో ఏముంటుందో నాకు తెలిసినంత ఆ చేపలకు కూడా తెలియదు. వానాకాలం మొదట్లో కొర్రమట్ట కడుపు కోస్తే చిన్న కప్పలుంటాయి. కాబట్టి కప్పే కావాలి.

నీళ్ల మీద తేలాలంటే ఒంటికి రబ్బరు ఉండాలి. మోషే హవాయి చెప్పు మడమ దగ్గర మందంగా, మెత్తగా కనిపించింది.

"అక్కా, అది కొత్త చెప్పు" అన్నాడు.

"ఒక ముక్కనే కద."

కప్ప ఒళ్లు కోసి, పెద్ద కొక్కానికి వల దారంతో బిగించాను. నాచులో చిక్కుకోకుండా కొక్కెం మొన పైకి ఉండేలా కట్టాను. కాళ్లకు ఈకలు కావాలి. చికెన్ షాపులో బాయిలర్ కోడి ఈకలు తెచ్చి చూస్తే, అవి నీళ్లు పీల్చి తడిసిన దూదిలా అయ్యాయి. నాటు పుంజు మెడ మీది ఈక అయితే నూనె రాసినట్టు నీటిని విదిలిస్తుంది. ఎల్దుర్తిలో మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. "ఈకలకోసం పుంజును కొయ్యాల్నా?" అన్నాడు. "కొయ్యకు, నాలుగు గుంజు" అన్నాను. గుంజినవాడి చేతి మీద పుంజు పెట్టిన గాటు ఇప్పటికీ ఉంది, పోయినప్పుడల్లా చూపిస్తాడు. మొదటి కప్ప పక్కకు ఒరిగింది. రెండోది వెల్లకిలా తేలింది. మూడోది బకెట్లో వేసి లైనును చిటుకు చిటుకుమని లాగితే కాళ్లు ముడుచుకుని చాచుకుంది. ఆ మూడింటికి కలిపి మోషే ఎడమ చెప్పు సగం అయిపోయింది. పాపం, పరీక్ష రోజుదాకా కుంటుతూనే తిరిగాడు.

పరీక్ష రోజు సన్నగా జల్లు పడుతోంది. మత్స్యశాఖ నుంచి సృజన అనే మేడం వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో ఫారాలు, చెప్పుల నిండా బురద. కట్ట మీద ఆమె కోసం టేబుల్ వేశారు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి చెరువులో వలలు బందు, గాలానికి మాత్రం అడ్డు లేదు. వచ్చిన ఇద్దరు కుర్రవాళ్లు కట్ట కింద మైదానంలోనే వల విసిరారు, పాసయ్యారు. నేను వల కన్నులు పది ముడి వేసి చూపించాను. మేడం మెచ్చుకుని టిక్కు పెట్టింది. తర్వాత నేను గొట్టం విప్పాను.

కట్టె ముక్కలు అతుకుతుంటే బిక్షపతి ముఖం కూడా ముక్క ముక్కకూ మారింది.

"గిదేంది వదినె?"

"గాలం."

"ఎర ఏది?"

"ఎర లేదు. నువ్వే రాసినవు కద."

"మరి గా కప్ప?"

"కప్ప కాదు. మోషే చెప్పు."

మేడం తీర్మానాల పుస్తకం తీసుకుని చదివింది, కప్పను తీసుకుని వేళ్లతో నొక్కి చూసింది. "ఇది తినేది కాదండి, రబ్బరు. ఎర కింద రాదు. సొసైటీ తీర్మానం ఉంది కదా, వల బదులు పట్టిన చేప బరువు రాసుకుంటాను" అంది. బిక్షపతి తన సంతకాన్నే అపరిచితుడి సంతకంలా చూశాడు.

మొదటిసారి వేస్తే కప్ప దగ్గరలోనే పడింది. జనం నవ్వారు. రెండోసారి తామరాకు మీద పడి కూర్చుంది. "గీ కప్పకు నీళ్లంటే భయమున్నట్టుంది" అన్నాడు బిక్షపతి బామ్మర్ది. మూడోసారి వెనక్కి ఊపి ఆగాను. లైను నిండుగా సాగేదాకా ఆగాను. ముందుకు పంపితే కప్ప పోయి రెండు ఆకుల నడుమ ఖాళీలో తప్‌మని వాలింది. చిటుకు. చిటుకు.

నీళ్లు పగిలాయి. బిందె బోర్లేసినట్టు పెద్ద చప్పుడైంది. కట్టె విల్లులా వంగింది, చక్రం గిర్రున తిరిగింది. ఇక కట్ట మీద ప్రతివాడూ గురువే. "గుంజు!" "గుంజకు!" "ఎనకకు నడువు!" "కట్టె ఇరుగుతది, కట్టె ఇడువు!" "కట్టె ఇడిస్తే చేప ఎట్ల వస్తది బే!" బిక్షపతి కూడా అన్నీ మరిచిపోయి, "దారం సందియ్యి వదినె, సందియ్యి, అలిసిపోనీ" అని అరుస్తున్నాడు. అదే సరైన మాట. ఎంతైనా చెరువు మీద పుట్టినవాడు. అది లాగినప్పుడు వదులుతూ, ఆగినప్పుడు చుడుతూ పావుగంటకు కట్ట దగ్గరికి తెచ్చాను. కొర్రమట్ట. రెండు కిలోలకు తక్కువుండదు. మేడం కాటా సరిచేసుకుంటోంది.

అప్పుడు దాని వెనకాలే నీళ్లలో ఎర్రటి ముద్ద ఒకటి పైకి తేలింది. కుంకుమ నీళ్లలో ఒలికినట్టు కదులుతోంది. వందల పిల్లలు, వడ్లగింజంత ఒక్కొక్కటి, తల్లి ఎటు పోతే అటు ఎగబడుతున్నాయి.

అది చూసి కట్ట మీదివాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

మా చెరువులో ఒక కట్టుబాటుంది. ఏ పుస్తకంలోనూ లేదు, కానీ పుస్తకంలో ఉన్నవాటికంటే గట్టిది. పిల్లలను కాసుకుంటున్న కొర్రమట్టను పట్టకూడదు. పట్టి చంపితే మూడేళ్లు, పట్టి వదిలితే ఒక ఏడాది, ఆ మనిషి చెరువు కట్ట ఎక్కరాదు. తెలిసి పట్టినా, తెలియక పట్టినా ఒకటే. తల్లి పోతే ఆ పూటకే మిగతా చేపలు పిల్లలన్నిటినీ మింగేస్తాయి.

ఇప్పుడు చేపను కాటా మీద పెడితే నేను పాస్. కానీ మూడేళ్లు కట్ట ఎక్కరాదు, పైగా పిల్లల ఉసురు. వదిలితే మేడం ఫారంలో బరువు గడి ఖాళీ. నేను ఎక్కువసేపు ఆలోచించానని చెప్పుకోను. మోకాలి లోతు నీళ్లలోకి దిగి, ఎడమ చేత్తో దాని మెడ కింద పట్టి, కుడి చేత్తో కొక్కెం తీసేశాను. అది ఒక్క క్షణం నా చేతిలోనే ఊపిరి తీసుకుంది. తర్వాత తోక కొట్టి, నా ముఖం నిండా బురద నీళ్లు చల్లి, పిల్లల కిందికి దూరిపోయింది.

మేడం కాటాతో నీళ్ల అంచుకు వచ్చింది. "అయ్యో, చేప ఏదండి? బరువు రాయాలి కదా" అంది.

"లేదు మేడం. చేప లేదు, బరువు లేదు. ఫెయిలు రాయుండ్రి" అన్నాడు బామ్మర్ది.

ఇంతమంది కళ్ల ముందు పట్టిన చేపకు సాక్ష్యం లేకుండా పోయింది. కానీ బిక్షపతి అధ్యక్షుడు. కట్టుబాటు తప్పితే ముందు నోరు లేవాల్సింది అతనిదే. వేలు చూపించి గట్టిగా అన్నాడు.

"పిల్లల తల్లిని పట్టింది! అందరు చూసిండ్రు. ఇడిసింది గాబట్టి ఒక యేడు. ఈ దినం నుంచి మా వదినె కట్ట ఎక్కద్దు. ఐలవ్వ, నువ్వు చెప్పు, తప్పా కాదా?"

"తప్పే" అంది ఐలవ్వ, తాపీగా. "రాసుకో మరి."

బిక్షపతి పుస్తకం తెరిచాడు. 'ఎల్లం భార్య యాదలక్ష్మి పిల్లలున్న కొర్రమట్టను గాలంతో పట్టినందున' అని రాసి, కలం ఆపాడు. తను రాసినదాన్ని తనే మళ్లీ చదువుకున్నాడు. బామ్మర్ది భుజం మీదుగా చదివి, "బావా, ఏం రాస్తున్నవు? పట్టలేదని రాయి!" అన్నాడు.

"పట్టలేదని రాస్తే శిక్ష ఎట్ల ఏస్త?"

"శిక్ష ఎయ్యకు!"

"ఎయ్యకుంటె కట్టుబాటు ఏం గావాలె? రేపు ఎవ్వడన్న పట్టి కూరండుకుంటె ఎవన్ని అడుగుత?"

మేడం ఫారం చూసుకుంటూ మెల్లగా అంది. "అధ్యక్షుడు గారూ, ఆవిడ పట్టిందా, పట్టలేదా? నాకు ఏదో ఒకటి కావాలి. మీరు రాసి ఇస్తే బరువు గడిలో 'వదిలివేయబడింది' అని నేను రాసుకుంటాను."

బిక్షపతి నావైపు చూశాడు. అతను నన్ను బతిమాలుతున్నట్టు అనిపించింది. "వదినె, నువ్వే చెప్పు. పట్టలేదు, కొక్కెం ఊడి అదే పోయింది అంటవా? గట్లంటె శిక్ష లేదు. రేపు పొద్దున గూడ కట్ట మీదికి రావచ్చు."

రావచ్చు, సభ్యురాలిగా కాదు. చూసిపోవడానికి. సభ్యత్వం ఉంటే కట్ట ఎక్కకున్నా వాటా చేప వస్తుంది. అన్నం పంపించిన చెయ్యే, ఇప్పుడు నాకు మంచి చేస్తున్నాననుకునే అడుగుతోంది.

"పట్టిన" అన్నాను. "కొక్కెం ఊడలే. నేనే పట్టిన, నేనే ఇడిసిన. తప్పు ఒప్పుకుంటున్న. రాయి."

రాశాడు. సంతకం, తేదీ, ముద్ర. మేడం ఆ కాగితం చూసి తన ఫారంలో టిక్కు పెట్టింది. ఒకే రోజు ఒకే పుస్తకంలో సభ్యత్వమూ, వెలి కూడా సంపాదించిన మనిషి మా సొసైటీలో నేనే మొదటిదాన్ని.

మేడం నవ్వుతూ ఫారం నావైపు తిప్పింది. "ఇక్కడ మీ సంతకం పెట్టండి."

నేను టేబుల్ దగ్గరికి ఒక అడుగు వేశానో లేదో, "ఆగు!" అంది ఐలవ్వ. "శిక్ష రాసి ముద్ర ఏసినంక నువ్వు కట్ట మీద ఎట్లుంటవే? దిగు."

నిజమే. అందరూ ఒప్పుకున్నారు. కట్టె భుజాన వేసుకుని, జారే మట్టిలో మెల్లగా కట్ట దిగి రోడ్డు మీద నిలబడ్డాను. సభ్యురాలి సంతకం లేకుండా ఫారం చెల్లదని మేడం అంది. ఫారం మాత్రం కిందికి తెస్తే జల్లుకు తడుస్తుందని, పెట్టి రాయడానికి కింద బల్ల లేదని కూడా అంది.

బిక్షపతి ఒకసారి ఆకాశం వంక చూశాడు. లుంగీ ఎగ్గట్టి, టేబుల్ ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. వెనకాల మేడం గొడుగుతో, ఆ వెనక ఒకటిన్నర చెప్పుతో మోషే, పుస్తకం పట్టుకుని బామ్మర్ది, వరసగా కట్ట దిగి వచ్చారు. టేబుల్ నా ముందు రోడ్డు మీద దించి, తువ్వాలతో తడి తుడిచి, బిక్షపతి కలం నా చేతికిచ్చాడు.

"గీడ పెట్టు వదినె. జర జల్దీ పెట్టు, ఎనుక బస్సు ఆగింది."